మంగాయమ్మ ఫోను నిద్ర లేచిన వైనం

బొంతలపాలెంలో తెలివి గురించి మాటొస్తే ముందుగా అమ్మిరాజు ఇల్లే తలుచుకోవాలని అంటారు. అనేది అమ్మిరాజు పెళ్ళాం మంగాయమ్మే అనుకోండి. అయినా ఎవరో ఒకరు అనాలి కదా.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. మంగాయమ్మ, ఆవిడ మొగుడు అమ్మిరాజు, మరిది తాతబ్బాయి. దేవుడు ముగ్గురికీ బుర్ర సమానంగా పంచాడు, నీకెక్కువ నాకు తక్కువ అన్న పేచీ రాకుండా. "తెలిసినవాళ్ళు ఒక మాట చెప్పారంటే, చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే. మధ్యలో సొంత కవిత్వం కలిపితే పనులు చెడిపోతాయి" అనేది మంగాయమ్మ. మిగతా ఇద్దరూ తలూపేవాళ్ళు. వాళ్ళకి ఊపడం కూడా బాగా వచ్చు.

ఆ మధ్య ఇంటి ముందు కొత్త గేటు పెట్టించారు. పెట్టిన మేస్త్రి వెళ్తూ వెళ్తూ, "ఈ గేటు ఎప్పుడూ వేసే ఉంచండమ్మా, లేకపోతే మేకలు దూరతాయి" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆ గేటు తీసిన పాపాన పోలేదెవరూ. బజారుకెళ్ళాలన్నా గోడెక్కి దూకడమే. చుట్టాలొస్తే నిచ్చెన వేసేవారు. ఎటొచ్చీ గేదెకి మాత్రం గోడ దూకడం రాలేదు. తాతబ్బాయి తను దూకి చూపించి మరీ నేర్పబోయాడు. అది చెవులు విదిలించి ఊరుకుంది. ఇక లాభం లేదని దానికోసం పక్క గోడకి ఇంత కంత కొట్టించారు. ఊళ్ళో మేకలన్నీ ఆ కంతలోంచే వచ్చి ఆనపపాదు మేసి పోతుంటే, "పోనీలెండి, గేటులోంచి మాత్రం రావట్లేదు కదా" అని సంబరపడిపోయేది మంగాయమ్మ.

ఆ గేదె పేరు సింగారి. ఒక కొమ్ము వంకర. మెడలో నీలం తాడు. మంగాయమ్మకి పిల్లల్లేరు, సింగారే ఆవిడ ప్రాణం. తన తల దువ్వుకోవడం మర్చిపోయినా దాని ఒళ్ళు తోమడం మర్చిపోదు. అదీ అంతే, మంగాయమ్మ చెయ్యి తగిలితే తప్ప చుక్క పాలివ్వదు. పైగా ఈమధ్యే ఈనింది, ఇంట్లో బుల్లి దూడ కూడా ఉంది.

ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే కొట్టంలో సింగారి లేదు. కంతలోంచి ఎటో వెళ్ళిపోయింది. దూడ ఆకలికి గుంజ చుట్టూ తిరుగుతూ ఒకటే అరుపు. పొలాలు వెతికారు, కాలవగట్టు వెతికారు, బియ్యం డ్రమ్ములో కూడా చూశారు. లేదు.

ఇంకేముంది, మైకు ఆటో గోవిందుని పిలిచారు. "సింగారి అను పేరుగల గేదె తప్పిపోయినది, ఒక కొమ్ము వంకర, మెడలో నీలం తాడు, కనబడినవారు ఈ నెంబరుకు ఫోను చేయగలరు" అంటూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరగడానికి ఒప్పుకున్నాడతను. ఆటో ఎక్కుతూ, "మీరేం దిగులు పెట్టుకోకండి మంగాయమ్మగారూ. ఫోను వచ్చిందంటే దొరికినట్టే. రాలేదంటే దొరకనట్టే. మీరు మాత్రం ఆ ఫోను పక్కనుంచి కదలకండి" అన్నాడు.

"విన్నారా," అంది మంగాయమ్మ, "ఫోను వస్తే దొరికినట్టు. రాకపోతే దొరకనట్టు. నేను ఫోను పక్కనుంచి కదలకూడదు."

"ఎంత బాగా చెప్పాడే," అన్నాడు అమ్మిరాజు.

ఫోను తెచ్చి అరుగు మీద పెట్టుకుని, దాని పక్కనే పీట వేసుకుని కూర్చుంది మంగాయమ్మ. అది టచ్ ఫోను. తాతబ్బాయి కాకినాడలో ఎవరో వాడేసింది కొనుక్కొచ్చాడు. కొన్నప్పటినుంచీ ఇంట్లో వస్తువులన్నిటికీ అందులో ఫోటోలు తీసి పెట్టాడు. మంచం ఫోటో, బీరువా ఫోటో, రుబ్బురోలు ఫోటో, చాట ఫోటో, ఎందుకైనా మంచిదని చాట వెనకవైపు ఫోటో. అవి చాలనట్టు చుట్టాలంతా రోజూ పొద్దున్నే తామరపూలూ గులాబీలూ పెట్టి శుభోదయం పంపిస్తుంటారు. ఆ రోజు కూడా ఓ తామరపువ్వు వచ్చి తెర మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఎంత తోసినా కదల్లేదు, ఎంత నొక్కినా పలకలేదు.

"ఏవండీ, పువ్వు అతుక్కుపోయింది," అంది మంగాయమ్మ. "ఇప్పుడు ఫోను వస్తే ఎలాగండీ? ఈ పువ్వు అడ్డుంది కదా."

సరిగ్గా అప్పుడే పాల క్యాను పట్టుకుని గోడ దిగాడు సుభానీ. సెంటర్లో సెల్ రిపేరు షాపు అతనిది. రోజూ పొద్దున్నే పాలకి వస్తాడు. సంగతి విని, క్యాను కింద పెట్టి ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"హ్యాంగయ్యిందక్కా. కంగారేం లేదు. రీస్టార్ట్ చేస్తే సరిపోద్ది."

"అంటే ఏం చేత్తావు తమ్ముడూ?"

"ఆపేసి మళ్ళీ మొదట్నించీ మొదలెట్టడమే. లోపల ఎక్కడ ఇరుక్కుపోయినా సరే, అదంతా వదిలేసి మళ్ళీ మొదటికెళ్ళి శుభ్రంగా వస్తాది. ఏ ఫోనుకైనా ముందు చేసే వైద్యం ఇదే."

పక్కనున్న బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. తామరపువ్వు మాయమైంది. తెర నల్లబడింది. కాసేపటికి కంపెనీ బొమ్మ వచ్చింది, ఆ తర్వాత చిన్న చక్రం ఒకటి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది.

"ఎంతసేపు పడుద్ది?" అన్నాడు అమ్మిరాజు.

"కొత్త ఫోనైతే అక్క పొయ్యి వెలిగించేలోపు లేచి కూర్చుంటాది. ఇది పాతది కదా, టీ కాగినంతసేపు పట్టొచ్చు."

"ఎందుకంతసేపు? స్విచ్చి వేత్తే బల్బు టక్కున వెలుగుద్ది కదా?" అడిగాడు తాతబ్బాయి.

"బల్బుకేముంది బాబాయ్, ఒక్కటే పని. ఇది అలా కాదు. పొద్దున్నే ఇల్లు లేచినట్టు అనుకో. ముందు ఇంటి పెద్ద లేస్తాడు. తెర ఉందా, బ్యాటరీ ఉందా, సిమ్ము ఉందా అని అన్నీ ఓసారి చూసుకుంటాడు. ఆ తర్వాత మిగతావాళ్ళని ఒక్కొక్కళ్ళనీ లేపుతాడు. గడియారాన్ని లేపాలి, నెంబర్లని లేపాలి, నెట్టుని లేపాలి. నువ్వేమో లోపల సామాను కుక్కేశావు, కాలు పెట్టే చోటు లేదు. పాత ప్రాణం, మెల్లిగా కదులుద్ది. వేడెక్కిందంటే ఇంకా మెల్లిగా కదులుద్ది. చక్రం తిరుగుతుందంటే లోపల పని జరుగుతున్నట్టే. మధ్యలో మాత్రం కదపకండి. ఓపిక లేక బటన్ నొక్కారో, లేచినవాళ్ళంతా పడుకుని మళ్ళీ మొదట్నించీ లేవాల్సొస్తుంది."

ఖాళీ క్యాను పట్టుకుని సుభానీ గోడెక్కాడు. "గేదె దొరికాక వస్తానక్కా" అని వెళ్ళిపోయాడు. గేటు గురించి అడగడం అతను ఎప్పుడో మానేశాడు.

మంగాయమ్మ ఫోను వంక చూసింది. చక్రం తిరుగుతోంది. లోపల ఇంటి పెద్ద లేచి దుప్పటి మడత పెట్టుకుంటున్నట్టు అనిపించింది ఆవిడకి. ఒక్కసారిగా భయం కూడా వేసింది.

"బటన్ ఎవరూ నొక్కకూడదన్నాడు. మనం నొక్కం, సరే. కాకి వచ్చి నొక్కితే? దూడ వచ్చి నాకితే?"

"దానికి కాపలా పెట్టాలి," అన్నాడు అమ్మిరాజు.

మంగాయమ్మ చప్పున లేచి దండెం మీంచి బట్టల క్లిప్పు ఒకటి పట్టుకొచ్చింది. మంచి గట్టి క్లిప్పు, దుప్పట్లకి పెట్టేది. దాన్ని తీసుకొచ్చి సరిగ్గా బటన్ మీద బిగించింది. "ఇప్పుడు ఎవరు నొక్కుతారో నొక్కమనండి," అంది. ముగ్గురూ తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు.

అంతే. తెర నల్లబడింది. కంపెనీ బొమ్మ వచ్చింది. చక్రం నాలుగు చుట్లు తిరిగింది. మళ్ళీ నల్లబడింది. మళ్ళీ బొమ్మ. మళ్ళీ చక్రం. మళ్ళీ నలుపు.

"ఇదేంటే, లేచినట్టే లేచి పడుకుంటున్నారు," అన్నాడు అమ్మిరాజు.

"అచ్చం మన తాతబ్బాయిలా," అంది మంగాయమ్మ.

"నన్నెందుకంటావు వదినా? సుభానీ ఏం చెప్పాడు? సామాను కుక్కేశాం, కాలు పెట్టే చోటు లేదన్నాడు. మంచం దిగుదామంటే కాళ్ళ కింద రుబ్బురోలు ఉందనుకో, ఏం చేత్తావు? మళ్ళీ పడుకుంటావు. వాళ్ళూ అదే చేత్తన్నారు."

మాటంటే అదీ. మంగాయమ్మ మరిది వంక గర్వంగా చూసింది. ఫోనులో ఉన్న సామానంతా ఎక్కడిది? తాతబ్బాయి ఫోటోలు తీసినదే. అంటే ఈ ఇంట్లోదే. ఈ ఇంట్లో సామాను తీసి బయట పెడితే అక్కడ చోటు దొరుకుతుంది. ఇంత చిన్న విషయం సుభానీకి తట్టలేదంటే, పాపం, అతనిది రిపేరు బుర్ర.

ఇంకేముంది, ముగ్గురూ కొంగులూ తువ్వాళ్ళూ బిగించారు. ముందు మంచాలు వచ్చాయి. తర్వాత బియ్యం డ్రమ్ము వచ్చింది. బీరువా గుమ్మంలో ఇరుక్కుంటే, "రీస్టార్ట్ చెయ్యండి" అని అరిచింది మంగాయమ్మ. అన్నదమ్ములిద్దరూ దాన్ని మళ్ళీ మొదటికి, వెనకగది మూలకి, మోసుకెళ్ళి అక్కణ్నించి మళ్ళీ మొదలెట్టారు. మళ్ళీ ఇరుక్కుంది. మళ్ళీ మొదటికెళ్ళారు. చివరికి గుమ్మమే కాస్త ఊడి దారిచ్చింది. రుబ్బురోలు దొర్లించుకొచ్చారు. చాట తెచ్చారు, వెనకవైపు ఫోటో కూడా ఉంది కాబట్టి తిప్పి మళ్ళీ ఇంకోసారి తెచ్చారు. గోడ మీద అమ్మిరాజు తండ్రి ఫోటో ఉంటే, "మామయ్యగారూ, మీరూ ఓసారి బయటికి రండి" అని దణ్ణం పెట్టి మరీ దింపింది మంగాయమ్మ. మధ్యమధ్యలో పరిగెత్తుకొచ్చి ఫోను పక్కన నిలబడేది, కదలకూడదు కదా. ఆఖరికి ఫోను నడుముకి కట్టుకుని మోసింది.

ఇల్లంతా పెరట్లో ఉంది. మేకలొచ్చి బియ్యం డ్రమ్ము వాసన చూస్తున్నాయి. ఫోను చూస్తే బొమ్మ, చక్రం, నలుపు. బొమ్మ, చక్రం, నలుపు.

దూడ అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మంగాయమ్మ వెళ్ళి దాని మెడ నిమిరింది. ఈపాటికి సింగారి ఏ పొలంలో ఉందో, ఎవరైనా చూశారో లేదో, చూసినవాళ్ళు ఫోను చేస్తుంటే ఈ నిద్రమొహాలు లేవట్లేదేమో. కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. "మన ఇంట్లో ఎంత బద్ధకస్తుడైనా దేనికి లేస్తాడు?" అని అడిగింది.

"కాఫీ," అన్నాడు అమ్మిరాజు.

పొయ్యి కూడా పెరట్లోనే ఉంది కాబట్టి అక్కడే వెలిగించారు. పాలు లేవు, డికాషనే కాచారు. తపేలా మీద జల్లెడ బోర్లించి, జల్లెడ మీద ఫోను పడుకోబెట్టి, "లేవండి నాయనా, కాఫీ అయిపోతోంది" అని బతిమాలింది మంగాయమ్మ. అమ్మిరాజు విసనకర్రతో ఆవిరి ఫోను వైపుకి విసిరాడు. తాతబ్బాయి గరిటెతో కంచం మీద మోగించాడు. కాఫీ వాసనకి గోడవతల ఎవరో లేచారు గానీ ఫోనులో ఎవరూ లేవలేదు. కాసేపటికి మంగాయమ్మ దాన్ని ముట్టుకుని చురుక్కుమని చెయ్యి తీసేసింది.

"కొంప మునిగింది. వేడెక్కింది. వేడెక్కితే ఇంకా మెల్లిగా కదులుద్దన్నాడు కదా."

"నూతిలో దింపుదాం," అన్నాడు తాతబ్బాయి.

"నీళ్ళలోనా?" అంది మంగాయమ్మ. "బుద్ధుందా నీకు? తడిస్తే పాడైపోద్ది. నీళ్ళకి జానెడు పైన ఆపాలి. చల్లదనం తగలాలి, తడి తగలకూడదు. ఆ మాత్రం తెలీదూ?"

అలా తెలివిగా బకెట్లో తువ్వాలు పరిచి, ఫోను పెట్టి, తాడు వదులుతూ వచ్చారు. మంగాయమ్మ నూతి గట్టు మీద వంగి, ఫోను పక్కనే ఉన్నట్టు లెక్క కుదిరేలా మెడ వీలైనంత లోపలికి పెట్టింది. బకెట్టు దిగుతూ దిగుతూ గోడకి ధడాలున కొట్టుకుంది. నీళ్ళలో ఏదో బుడుంగుమంది.

"ఫోనా?" అంది మంగాయమ్మ.

"కాదు, క్లిప్పు," అన్నాడు తాతబ్బాయి తొంగి చూసి.

"అయ్యో, ఇక ఆ బటన్‌ని కాచేవాళ్ళే లేరు," అని బాధపడింది ఆవిడ. అయినా అంత లోతున నూతిలో ఎవరూ నొక్కే వీలు లేదు కాబట్టి కాస్త ధైర్యం తెచ్చుకుంది.

అలా ముగ్గురూ నూతిలోకి తలలు పెట్టి ఉండగా, వెనకాల కంతలోంచి ఎవరో వచ్చిన చప్పుడైంది. బరువుగా, నింపాదిగా, నోరు ఆడిస్తూ. దూడ అరవడం ఆపేసి చెంగున గెంతింది. తాతబ్బాయి తలెత్తి చూశాడు.

"వదినా. సింగారి."

మంగాయమ్మ వెనక్కి తిరిగింది. నిజంగానే సింగారి. వంకర కొమ్ము, నీలం తాడు, మూతికి పచ్చగడ్డి. ఒక్క పరుగున వెళ్ళి దాని మెడ కావలించుకుంది. "వచ్చావా తల్లీ, వచ్చావా" అంటూ మొహమంతా దాని మెడకి రాసేసింది. అమ్మిరాజు కూడా కళ్ళు ఒత్తుకున్నాడు. దూడ తాడు తెంచుకునేంత పని చేస్తోంది. విప్పబోయిన మంగాయమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏవండీ. ఫోను వచ్చిందా?"

ముగ్గురూ నూతి వైపు చూశారు. రాలేదు.

"ఫోను వస్తే దొరికినట్టే, రాకపోతే దొరకనట్టే అన్నాడు గోవిందు," అంది మంగాయమ్మ నెమ్మదిగా.

"అంటే ఇది దొరకలేదన్నమాట," అన్నాడు అమ్మిరాజు.

"మరి ఇక్కడ నిలబడింది కదా అన్నయ్యా?" అన్నాడు తాతబ్బాయి.

"నిలబడితే? నిలబడటం వేరు, దొరకడం వేరు. అది మనల్ని చూసింది గానీ దాన్ని ఎవరూ చూసి ఫోను చెయ్యలేదు."

మంగాయమ్మకి దుఃఖం ముంచుకొచ్చింది. సింగారి మెడ మీదే తల పెట్టి, "నా సింగారి ఇంకా దొరకలేదండీ" అని వెక్కి వెక్కి ఏడ్చింది. సింగారి ఆవిడ చెవి నాకింది. ఆ ఓదార్పుకి ఆవిడ ఇంకా ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగానే ఆవిడకి దారి తట్టింది. ఏడుస్తూ కూడా ఆలోచించగలదు ఆవిడ.

"ఇది మధ్యలో ఇరుక్కుపోయిందండీ, అంతే. ఎవరూ చూడకముందే వచ్చేసింది. సుభానీ ఏం చెప్పాడు? ఎక్కడ ఇరుక్కుపోయినా అదంతా వదిలేసి మళ్ళీ మొదటికెళ్ళాలి. దీన్ని మళ్ళీ పొలాల్లోకి తీసుకెళ్ళి వదిలితే, ఎవరో ఒకరు చూస్తారు, ఫోను చేస్తారు. అప్పుడు శుభ్రంగా దొరుకుద్ది."

అమ్మిరాజు భార్య భుజం తట్టాడు. "నీలాంటిది దొరకడం నా అదృష్టమే మంగా. నీకోసం ఎవరూ ఫోను కూడా చెయ్యలేదు."

బకెట్టు పైకి లాగారు. ఫోను చల్లగా ఉంది. చక్రం ఆగకుండా తిరుగుతోంది. దాన్ని నడుముకి కట్టుకుని, సింగారి తాడు పట్టుకుని మంగాయమ్మ కంతలోంచి బయల్దేరింది. మొగుడూ మరిదీ సామానుకి కాపలా ఉన్నారు. అది లోపలికెళితే ఫోనులో మళ్ళీ చోటు ఉండదు కదా. సింగారి మాటిమాటికీ వెనక్కి తిరిగి దూడ వైపు చూసింది. "ఎంతో సేపు కాదమ్మా, దొరికి వచ్చేద్దాం" అని దాన్ని నిమురుతూ లాక్కెళ్ళింది ఆవిడ.

కాలవ దాటి అరటితోట గట్టు మీదికి వచ్చేసరికి నడుము దగ్గర ఏదో పాట వినిపించింది. తీసి చూస్తే తెర తెల్లగా వెలుగుతోంది. గడియారం లేచింది. నెంబర్లు లేచాయి. అందరూ లేచి కూర్చున్నారు. మంగాయమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. పాపం, ఇంత చీకట్లో, ఇంత సామాను మధ్య, ఒకళ్ళనొకళ్ళు లేపుకుంటూ ఎంత అవస్థపడ్డారో. ఫోనుని కళ్ళకద్దుకుంది.

ఇక ఆలస్యం చెయ్యకూడదు. సింగారిని గట్టు మీద అందరికీ కనబడేలా నిలబెట్టింది. తను పక్కనుంటే పోయిన గేదెలా కనబడదని, తాడు కొస పట్టుకుని అరటిచెట్ల చాటున కూర్చుంది.

కాసేపటికి గట్టు అవతల నుంచి ఓ పెద్దాయన వచ్చాడు. పక్క ఊరి అరటి రైతు, పేరు ధర్మయ్య. ఆయనా తన బుర్ర మీద బాగా నమ్మకమున్న మనిషే. పొద్దున మైకులో విన్నాడు కాబట్టి వంకర కొమ్ము చూశాడు, నీలం తాడు చూశాడు, తాడు వెంబడే చూపు పోనిచ్చి అరటిచెట్ల వెనక చీర కొంగు కూడా చూశాడు. మెల్లిగా నాలుగడుగులు వెనక్కేసి, జేబులోంచి ఫోను తీశాడు.

మంగాయమ్మ ఫోను మోగింది. ఆవిడ ఒళ్ళంతా పులకరించింది.

"హలో, గేదె గలావిడేనా అండీ? మీ గేదె ఇక్కడ అరటితోట గట్టు మీదుందండి."

"మా సింగారి దొరికిందా అండీ?" అంది మంగాయమ్మ. దగ్గర్లోనే ఎవరో పెద్దమనిషి గట్టిగా మాట్లాడుతుంటే సరిగ్గా వినపడక రెండో చెవి మూసుకుంది.

"దొరికిందండి. కానీ దొంగ కూడా ఇక్కడే ఉందండోయ్. ఎవత్తో ఆడమనిషి. తాడు పట్టుకుని చెట్ల చాటున నక్కింది."

మంగాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. "అమ్మ దొంగముండ. దాన్ని వదలకండి బాబాయ్‌గారూ. కదలనివ్వకండి. నేను బయల్దేరిపోయాను, దారిలో ఉన్నాను, ఇదిగో వచ్చేత్తున్నాను." ఫోనులో అందరూ అలాగే చెబుతారు కాబట్టి తనూ అలాగే చెప్పింది.

ఫోను పెట్టేసి లేవబోయేసరికి ధర్మయ్య ఎదురుగా కర్ర అడ్డం పెట్టాడు.

"కదలకు. గేదె గలావిడ వస్తోంది. దారిలో ఉందంట."

చెప్పింది చెప్పినట్టు చెయ్యడం మంగాయమ్మకి పుట్టుకతో వచ్చిన గుణం. టక్కున కూర్చుండిపోయింది. పైగా పెద్దాయన, కర్ర కూడా ఉంది.

"అలాగేనండి. రానీండి. నాక్కూడా ఆవిడతో పనుంది. గేదె దొరికిందని ఆవిడకి చెప్పాలి," అంది.

"నేను చెప్పేశాన్లే."

"చెప్పారా? ఏమందండీ?"

"నిన్ను నానా తిట్లూ తిట్టింది."

"తిట్టదా మరి," అంది మంగాయమ్మ. "గేదె పోతే ఎంత బాధో మీకేం తెలుసు? నాకు తెలుసు."

ధర్మయ్యకి ఈ దొంగ మంచిదిలా కనిపించింది. కర్ర పక్కన పెట్టి, రెండు అరటిపళ్ళు కోసి ఒకటి ఆవిడకిచ్చాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని దారి వైపు చూస్తూ తిన్నారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఎవరూ రాలేదు. ఎంతకీ ఎవరూ రాలేదు.

సింగారికి విసుగొచ్చింది. పొదుగు బరువెక్కింది, దూరంగా దూడ అరుపు కూడా వినబడింది కాబోలు, తల ఒక్కసారి విదిలించి తాడు వదిలించుకుంది. నింపాదిగా కాలవ దాటి, ఇంటి దారి పట్టింది.

"అయ్యయ్యో, గేదె వెళ్ళిపోతోంది," అని లేవబోయాడు ధర్మయ్య.

"కూర్చోండి బాబాయ్‌గారూ," అంది మంగాయమ్మ ఆయన చెయ్యి పట్టుకుని. "ఫోను వచ్చేసింది కదా. అది దొరికిపోయింది. ఇంకెక్కడికి పోద్ది?"

అది నిజమే అనిపించింది ఆయనకి. కూర్చున్నాడు. ఇంకాసేపు చూశాడు. దారి మీద దుమ్ము కూడా లేవలేదు.

"ఏంటమ్మా ఈవిడ, దారిలో ఉన్నానని ఇంతసేపా? ఉండు, ఇంకోసారి ఫోను చేసి చూస్తాను."

"వద్దండీ, పుణ్యముంటుంది," అని మంగాయమ్మ ఆయన ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టింది. "సామాన్లున్న మనిషేమో, టైము పడుద్ది. మధ్యలో కదిపారంటే, పాపం, ఆవిడ మళ్ళీ మొదట్నించీ బయల్దేరాల్సొస్తుంది."